దస్త్రం మూట విప్పేముందు

మైసూరులో ఇంగ్లీషు రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్ 1810లో దక్షిణదేశ చరిత్ర ఒకటి అచ్చువేశాడు. యుద్ధాలూ రాజులూ నిండిన ఆ పుస్తకంలో ఒకచోట ఆగి, ఇక్కడి లెక్కల పుస్తకం ఎలా ఉంటుందో ఓపిగ్గా వర్ణించాడు. జానెడు నుంచి అడుగు దాకా వెడల్పు, 12 నుంచి 18 అడుగుల పొడవు ఉన్న నూలుబట్ట. రెండు పక్కలా బొగ్గుపొడి కలిపిన గంజి పట్టించి ఆరబెడతారు. ఆరాక కత్తెర పెట్టకుండా సమానంగా మడతలు వేసి, రెండు కొసలకూ రంగు పూసిన చెక్కపలకలు తగిలిస్తారు. రాత బలపంతో. తెలుగులో కడితం, కన్నడంలో కడత. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో ఒకప్పుడు ఊరి లెక్కలు రాసే శానుభోగికం చేసిన ఇంట్లో అటక దులిపేటప్పుడు నల్లగా బిగుసుకుపోయిన బట్ట మడత దొరికితే, పాత గొడుగుబట్ట అనుకుని పారేయకండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. తెల్లటి అంకెలు కనిపించవచ్చు.

ఆ గంజి చింతగింజలది. చింతగింజ పిండిలో జైలోగ్లూకాన్ అనే పదార్థం ఉంటుంది. మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులను పట్టి ఉంచే జాతిది అది. నూలు కూడా సెల్యులోజే కాబట్టి దానిమీద గట్టిగా పట్టుకుంటుంది. ఇప్పటికీ నేతలో పడుగుకు ఈ గంజి వాడకం ఉంది. ఇక బలపం. అది మెత్తని రాయి, రసాయనికంగా మెగ్నీషియం సిలికేట్. గాలితో కలవదు, వెలుతురుకు వెలవదు, ఆమ్లం పుట్టించదు. కింద ఉన్న బొగ్గు సంగతీ అంతే, కార్బన్‌కు వయసు తెలియదు. రసాయనశాస్త్రం లెక్కన చూస్తే కడితం కన్నా మొండి పుస్తకం మన ఇళ్ళలో మరొకటి లేదు. శృంగేరి మఠంలో కట్టలు కట్టలుగా కడతాలు నిలిచి ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

కానీ దాన్ని చంపడానికి ఒక్క తడిగుడ్డ చాలు. కావాలంటే తుడిచి మళ్ళీ రాసుకునే వీలుందని విల్క్స్ కూడా చెప్పాడు, అది ఆ పుస్తకానికి సుగుణం. రెండు వందల ఏళ్ళ తర్వాత అదే దాని గండం. దుమ్ము పట్టిందని మంచి మనసుతో తుడిచిన అయిదు నిమిషాల్లో ఒక ఊరి పన్నుల లెక్క మొత్తం గుడ్డకు అంటుకుపోతుంది. ఇంటి దస్త్రాలకు నిర్లక్ష్యం వల్ల కలిగే చేటు కన్నా, తెలియక చేసే సేవ వల్ల కలిగే చేటే ఎక్కువ. చెదలు కొట్టిన మూటలో సగమైనా మిగులుతుంది. ప్రేమగా శుభ్రం చేసిన మూటలో ఏమీ మిగలకపోవచ్చు.

తాటాకు తీరు వేరు. దానిమీద గంటంతో గీసిన అక్షరం ఆకులోకి దిగిన గాడి. మసి పులిమితే ఆ గాడిలో నిలిచి అక్షరం కనిపిస్తుంది. మసి రాలిపోయినా గాడి పోదు కాబట్టి, టార్చి పక్కనుంచి పట్టి చదవచ్చు, ఫొటో తీయొచ్చు. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడిన సీమ ఇది. భజన గుంపులున్న ఇళ్ళలో తాటాకుల కట్ట కనిపిస్తే, దారం తెగి ఉన్నా ఆకుల వరస మార్చకండి. ఎండిన ఆకును తిన్నగా చేద్దామని వంచితే పెళుక్కుమంటుంది. అతికే ఉపాయం మీ చేతిలో లేదు.

మూటలో ఎక్కువ పాలు మాత్రం కాగితమే. ఆస్తి పంచుకున్న పాలుపట్టీలు, క్రయపత్రాలు, కందాయం రసీదులు, పహణీలు, స్కూలు సర్టిఫికెట్లు, పెళ్ళి శుభలేఖలు. విప్పి చూస్తే ఒక వింత. ముత్తాత నాటి పత్రం వేళ్ళ మధ్య మెత్తగా వంగుతుంది. తాత నాటి సర్టిఫికెట్టు అప్పడంలా విరుగుతుంది. పాతది గట్టిగా ఉండి కొత్తది ముందు పోవడానికి కారణం యూరపులో జరిగిన రెండు మార్పులు. 1807లో మోరిట్స్ ఇల్లిగ్ అనే జర్మన్, సిరా పాకకుండా కాగితానికి పటిక, గుగ్గిలం పట్టించే పద్ధతి ప్రకటించాడు. 1844 ప్రాంతంలో ఫ్రీడ్రిచ్ కెల్లర్ చింకి గుడ్డల బదులు కొయ్యను రుబ్బి కాగితం చేసే దారి చూపాడు. రెండూ కలిసి కాగితాన్ని చవక చేశాయి, ఆయుష్షు తగ్గించాయి. పటిక తేమతో కలిస్తే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసును ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది. గొలుసు పొట్టిదైన కొద్దీ కాగితం పెళుసెక్కుతుంది. కొయ్య గుజ్జులో మిగిలిపోయిన లిగ్నిన్ వెలుతురుకు పసుపెక్కుతుంది. చింకి గుడ్డల కాగితంలో లిగ్నిన్ ఉండదు, పొడుగాటి పోగులు ఉంటాయి, అందుకే ముత్తాత పత్రం ఇంకా వంగుతోంది.

ముందు విరిగేది మడత. క్రయపత్రాన్ని నిలువునా అడ్డంగా ఎనిమిది మడతలు పెట్టి, పర్సులోనో తలగడ కిందో ఏళ్ళ తరబడి ఉంచుతారు. మడతలు కలిసే చోట, నాలుగు దిక్కుల ఒత్తిడి ఒకేచోట పడే ఆ చుక్క దగ్గర, మొదట సూదిమొన అంత బెజ్జం పడుతుంది. తర్వాత అది శిలువ ఆకారంలో చీలుతుంది. ఆ చీలిక సరిగ్గా చెక్కుబందీ రాసిన వరుస మీద పడిందంటే, తూర్పు హద్దు ఎవరి చేనో తెలియకుండా పోతుంది. పత్రాన్ని విప్పి, బల్లపరుపుగా, దానికన్నా పెద్దదైన నూలు కాగితం మడతలో పెట్టడం అన్ని మందులకన్నా పెద్ద మందు. వెంటనే విప్పుకోకపోతే బలవంతం చేయకండి. వానాకాలపు గాలిలో ఒక రోజు ఉంచితే పోగులు కాస్త తేమ పీల్చి తమంతట తామే సడలుతాయి.

సిరాల సంగతి కూడా చెప్పాలి. పాత నీలి-నలుపు సిరాలో ఇనుము, కరక్కాయ జాతి టానిన్ ఉంటాయి. రాసేటప్పుడు లేతగా ఉండి, గాలికి నల్లబడుతుంది. నిలిచే సిరానే, కానీ ఇనుమూ ఆమ్లమూ కలిసి కొన్నాళ్ళకు కాగితాన్నే తినేస్తాయి. అక్షరం ఉన్న మేర జల్లెడ పడుతుంది. స్కూలు నీలం సిరా కాగితాన్ని తినదు, తానే వెలిసిపోతుంది. కచేరీ కాగితాల మీద బూడిదరంగు పెన్సిలు రాతలా కనిపించేది కాపీయింగ్ పెన్సిలు కావచ్చు. దానిలో ఊదా రంగు కలిపి ఉంటుంది, చెమట చెయ్యి తగిలినా పాకుతుంది. అన్నిటికన్నా చివరిదాకా నిలిచేది కార్బన్ నల్లసిరాతో వేసిన వేలిముద్ర. చదువుకున్న అన్నగారి సంతకం వెలిసిపోయి, చదువురాని తమ్ముడి బొటనవేలు అలాగే నల్లగా ఉండిపోయిన పాలుపట్టీ చూసినప్పుడు నాకు కాస్త సంతోషంగానే ఉంటుంది.

పురుగుల ఇల్లు

కాగితం కుళ్ళే వేగాన్ని నడిపేవి వేడి, తేమ. వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గితే కాగితం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని భద్రపరిచేవాళ్ళు ఉజ్జాయింపుగా లెక్కగడతారు. ఆ లెక్కన ఈ సీమ అదృష్టవంతురాలు. సముద్రమట్టానికి 700 నుంచి 900 మీటర్ల ఎత్తు, ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, పేరుకు కూడా జీవనది లేదు. రైతుకు శాపమైన పొడిగాలి కాగితానికి వరం. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొలుస్తుంది. కోస్తా ఇళ్ళలో అది ఏడాదిలో సగం రోజులు దాటుతుంటే, ఇక్కడ వానల నెలల్లోనే ఆ భయం.

ఆ అదృష్టాన్ని కాలదన్నేది పట్టుపురుగు. శిడ్లఘట్ట, చింతామణి, చిక్కబళ్ళాపురం పల్లెల్లో ఇంట్లోనే పురుగులు మేపడం తరాల అలవాటు. చాకీ దశలోని చిన్న పురుగులకు 26 నుంచి 28 డిగ్రీల వేడి, 80 నుంచి 90 శాతం తేమ కావాలి. పెద్ద పురుగులకు సైతం 70 శాతం ఉండాలి. అందుకని తడి గోనెలు వేలాడదీస్తారు, నేల తడుపుతారు, కిటికీలు మూస్తారు. అదే ఇంట్లో, అదే అటక మీద దస్త్రం మూట. పొడి ఇంట్లో ఉన్న కాగితంతో పోలిస్తే అక్కడి కాగితం రెట్టింపుకు దగ్గరగా నీరు పీల్చి ఉంటుంది. పంట దిగి గూళ్ళు సంతకు పోగానే ఇల్లు మళ్ళీ ఎండుతుంది. ఏడాదికి నాలుగైదు పంటలు తీసే ఇంట్లో కాగితం అన్నిసార్లు ఉబ్బి, అన్నిసార్లు ముడుచుకుంటుంది. ఫొటో అయితే ఇంకా అన్యాయం. దానిమీది జెలటిన్ పొర ఒక తీరుగా, కింది అట్ట మరో తీరుగా కదిలి, పొర బీటలు వారుతుంది.

అంతటితో అయిపోలేదు. పంటకూ పంటకూ నడుమ రోగం రాకుండా బ్లీచింగు పొడి నీళ్ళు కొడతారు, ఫార్మలిన్ వాడేవాళ్ళూ ఉన్నారు. బ్లీచింగు పొడిలోంచి వచ్చే క్లోరిన్ రంగుసిరాలు వెలిసిపోయేలా చేస్తుంది, నలుపు-తెలుపు ఫొటోలోని వెండి రేణువులను తినేస్తుంది. పురుగు బతకడానికి చేయాల్సిన పనే అది, తప్పుపట్టడానికి లేదు. పురుగుల ఇల్లు వేరుగా కట్టుకున్నవాళ్ళకు ఈ బాధ లేదు. లేనివాళ్ళు మందు కొట్టే రోజుల్లోనైనా మూటను అన్నగారింటికో ఆడబిడ్డ ఇంటికో పంపడం మేలు.

పట్టు గురించి ఇంత రాసి పట్టుచీర గురించి రాయకపోతే ఇంట్లో ఆడవాళ్ళు ఒప్పుకోరు. పెళ్ళిచీరకు ముగ్గురు శత్రువులు. ఎప్పుడూ ఒకే మడత, వెలుతురు, జరీకి తగిలే గంధకం. జరీలో ఉన్న వెండి, గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది. ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే తేమ లోపలే ఉండిపోతుంది. ఉతికి గంజి లేకుండా ఆరేసిన తెల్ల నూలుబట్టలో చుట్టి, ఆరునెలలకోసారి మడత మార్చండి. నాఫ్తలీన్ గోళీ చీరకు గానీ కాగితానికి గానీ నేరుగా తగలనివ్వకండి. దాని ఆవిరి చిన్నపిల్లలున్న ఇంటికి మంచిది కూడా కాదు. పెద్దలు మూటలో వసకొమ్ము పెట్టేవాళ్ళు. అందులోని బీటా-అసరోన్‌కు ధాన్యపు పురుగుల సంతానాన్ని ఆపే గుణం ఉందని పరీక్షల్లో తేలింది, కాబట్టి అది వట్టి నమ్మకం కాదు. పచ్చి వేపాకు మాత్రం వద్దు, పురుగు కన్నా ముందు దాని తడి మూటలోకి పోతుంది.

లామినేషన్

తాలూకా కచేరీ ఎదుట జిరాక్స్ అంగడి, దానిలో ఒక లామినేషన్ మిషను. వందేళ్ళ పత్రం పాడవుతోందని తెచ్చి, పది నిమిషాల్లో గాజులా మెరిసే పలక చేసి ఇంటికి పట్టుకుపోతారు. చేసేవాడికీ చేయించుకునేవాడికీ మంచి ఉద్దేశమే. దీనిమీద నాకు మొహమాటం లేదు: అసలు పత్రాన్ని లామినేట్ చేయకండి.

ఆ మిషనులో జరిగేది ఇది. వంద డిగ్రీలు దాటిన వేడిలో రెండు ప్లాస్టిక్ రేకుల లోపలి జిగురు కరిగి, కాగితం పోగుల్లోకి దిగి, చల్లారి గట్టిపడుతుంది. ఇక అది కాగితం మీది కవరు కాదు, కాగితంలో భాగం. వెనక్కి తీయాలంటే పత్రం పోగులతో సహా వస్తుంది. లోపల ఉన్న ఆమ్లం లోపలే ఉంటుంది. సిరా నిజమైనదా, తర్వాత ఎవరైనా దిద్దారా అని పరీక్షించాల్సి వస్తే, నిపుణుడికి కాగితం అందదు.

పెద్దపెద్దవాళ్ళే ఈ దారిలో పోయి వెనక్కి వచ్చారు. అమెరికాలో విలియం బారో 1930ల నుంచి సెల్యులోజ్ అసిటేట్ రేకుతో పత్రాలను వేడి మీద లామినేట్ చేశాడు, ఎన్నో గ్రంథాలయాలు ఆ దారి పట్టాయి. మన ఢిల్లీలోని జాతీయ అభిలేఖాలయం 1950ల మొదట్లో యంత్రం, వేడి లేకుండా అసిటోన్ ద్రావకంతో చేత్తో అతికే పద్ధతిని రూపొందించింది. చవకలో తేలిగ్గా జరిగే ఆ పద్ధతికి అప్పట్లో మంచి పేరే వచ్చింది. దశాబ్దాలు గడిచాక అసిటేట్ రేకే చెడటం మొదలైంది, దానిలోంచి పుల్లని ఆమ్లం బయటపడింది. ఇప్పుడు ఆ రేకులు ఊడదీయడమే భద్రపరిచేవాళ్ళకు పెద్ద పని. వెనక్కి తీయలేని పని చేయకూడదన్న నియమం ఈ అనుభవాలతోనే గట్టిపడింది.

అంగట్లో దొరికే వాటిలో పత్రానికి సరిపడేది పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవరు, ఒక పక్క తెరిచి ఉన్నది. పత్రం అందులో వదులుగా ఉంటుంది, ఎప్పుడైనా తీసుకోవచ్చు. వాసన కొట్టే మెత్తని పీవీసీ కవర్లు వద్దు. అవి ఆమ్లం వదులుతాయి, జిరాక్స్ అక్షరాలను తమకు అంటించుకుంటాయి. చినిగినచోట సెలోటేపు వేయకండి. కొన్నేళ్ళకు టేపు రాలిపోతుంది, గోధుమరంగు జిడ్డు కాగితంలో శాశ్వతంగా ఉండిపోతుంది. లామినేట్ చేయాలన్న సరదా అంతగా ఉంటే జిరాక్స్ కాపీని చేయించుకోండి. జిరాక్స్ అక్షరం కార్బనే, బాగానే నిలుస్తుంది. బ్యాంకు, ఏటీఎం చీటీలు వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద వస్తాయి కాబట్టి, అక్షరం వెలిసేలోగా వాటికి జిరాక్స్ తీయించడం తప్పనిసరి.

మూట వరస

పత్రం ఎంత బాగున్నా, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే సగం చెడినట్టే. చట్టం కూడా ఈ మాటే అంటుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 90వ సెక్షను, 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 92వ సెక్షను చెప్పేదొకటే. 30 ఏళ్ళు దాటిన పత్రం, ఉండవలసిన చోటునుంచి, ఉండవలసిన వాళ్ళ చేతినుంచి వస్తే, దానిమీది సంతకం, రాత వాళ్ళవేనని కోర్టు భావించవచ్చు. కాగితం వయసుకు తోడు అది ఉన్న చోటుకు విలువ.

అభిలేఖాలయాల వాళ్ళు ఇదే మాటను 1841లో నియమం చేసుకున్నారు. ఫ్రాన్సులో నతాలిస్ ద వాయీ రాసిన ఉత్తర్వు ప్రకారం, ఒకచోట పుట్టిన కాగితాలను ఒకచోటే ఉంచాలి, విషయాల వారీగా విడదీసి ఇతరులవాటితో కలపకూడదు. మన ఇంటి మూటకూ ఇది వర్తిస్తుంది. ఒక క్రయపత్రం పక్కన ఒక పెళ్ళి శుభలేఖ, ఒక వైద్యుడి చీటీ ఎందుకు ఉన్నాయని విసుక్కుని వేర్వేరు ఫైళ్ళలో పెట్టేస్తే, ఆ చేను అమ్మింది కూతురి పెళ్ళికా, కొడుకు జబ్బుకా అన్న సంగతి పోతుంది. విప్పకముందే మూటను ఫొటో తీయండి. ఒక్కో కాగితం తీస్తూ వెనక మూలన మెత్తని పెన్సిలుతో వరస అంకె వేయండి. పెన్ను వద్దు, స్టేప్లరు వద్దు. తుప్పుపట్టిన గుండుసూదులు తీసేయండి, కానీ ఏ కాగితానికి ఏది గుచ్చి ఉందో రాసిపెట్టండి.

తంజావూరు జిల్లా పండితుడొకరు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఒక తాళపత్ర ప్రతి ఇచ్చాడు. 1905లో ఆర్. శామశాస్త్రి దాన్ని విప్పి చూస్తే అది కౌటిల్యుడి అర్థశాస్త్రం. 1909లో అచ్చయింది, ప్రపంచం చదివింది. ఇచ్చిన పండితుణ్ణి చరిత్ర ఇప్పటికీ తంజావూరు పండితుడనే పిలుస్తోంది. ఆ ప్రతి ఏ ఇంట్లో, ఎన్ని తరాలు, ఎవరు చదువుతుండగా నిలిచింది అన్న కథ ఆయనతోనే పోయింది.

ఈ సీమలో మరో చిక్కు ఉంది. ఇంట్లో మాట తెలుగు, కాగితం మీద రాత కన్నడం. ఇంకా వెనక్కి పోతే మరాఠాల నాటి మోడి లిపి, టిప్పు కాలపు ఫార్సీ తగలవచ్చు. బాగేపల్లి పల్లెలో అవ్వకు కథంతా తెలుసు, పత్రం చదవలేదు. బెంగళూరులో పనిచేసే మనవడు పత్రం చదవగలడు, కథ తెలియదు. ఇద్దరూ ఒక పూట కలిసి కూర్చోవాలి. ఆ కూర్చోవడం ఇలా ఉంటుంది:

"అవ్వా, ఈ నడాన కుర్చీలో కూచోనుండేది ఎవురు?"

"మా చిన్నమామ గదప్పా. చింతామణి స్టూడియోలో తీపిచ్చింది."

"చేతికి గడియారం ఉందే, అంత ఉన్నోళ్ళా మీరు?"

"అది ఆయప్పది కాదు, స్టూడియోవాళ్ళది. కోటూ వాళ్ళదే. తీసినాక మళ్ళా ఇచ్చేసినారు."

గడియారాన్ని నమ్మి కుటుంబ చరిత్ర రాసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. అవ్వ చెప్పేది ఫోనులో రికార్డు చేసుకుని, పేరు, వరస, ఊరు ఫొటో వెనక పెన్సిలుతో రాయండి. వెనక నున్నగా ఉండి పెన్సిలు పట్టకపోతే విడిగా చీటీ రాసి కవర్లో పెట్టండి. అన్నట్టు 1970, 80ల రంగు ఫొటోలను ముందు స్కాన్ చేయండి. వాటిలోని ఆకుపచ్చ-నీలం రంగు చీకట్లో ఉన్నా వెలుస్తుంది, అందుకే ఆ కాలపు పెళ్ళిళ్ళన్నీ ఇప్పుడు ఎర్రగా కనిపిస్తాయి. తాతల నలుపు-తెలుపు ఫొటో వాటికన్నా చాలాకాలం ఆగగలదు.

వంశం పేర్లు కాగితం మీద లేనివాళ్ళు ఉన్నారు. రెడ్లకూ కాపులకూ పిచ్చికుంట్లవాళ్ళు, కన్నడసీమలో హెళవలు, ఇంటిపేర్లు, గోత్రాలు నోటితోనే చెప్పేవాళ్ళు. మీ ఊరికి ఇంకా వస్తుంటే, కట్నం ఇచ్చి పంపేముందు రికార్డు చేసుకోండి. పాత కాగితాల కోసం కచేరీలకు వెళ్ళేవాళ్ళు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది 2007లో, అంతకు ముందుదంతా కోలారు పేరుమీద ఉంటుంది. శానుభోగ, పటేలు పదవులు 1961 చట్టం కింద 1963లో రద్దయ్యాయి, అక్కడితో ఊరి లెక్కల రాత తీరే మారిపోయింది. మీ ఊళ్ళో శాసనం ఉంటే 1905లో లూయిస్ రైస్ అచ్చువేసిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటి, కోలారు జిల్లాది, తిరగేయండి. తాలూకాల వారీగా ఉంటుంది.

ఏ రౌద్రి?

మూటలో జాతకం దొరుకుతుంది. జీవితమంతా మూఢనమ్మకాలతో పోట్లాడిన హెచ్. నరసింహయ్య పుట్టిన జిల్లాలో, జనవిజ్ఞానం పుస్తకంలో జాతకాల గురించి రాయాల్సి రావడం కాస్త నవ్వు పుట్టించేదే. ఫలితాల పేజీలు పక్కన పెట్టండి. మొదటి పేజీలోని చక్రం మాత్రం ఒక రోజు ఆకాశం ఎలా ఉందో చెప్పే పటం, అంటే తేదీ వేసిన పత్రం.

తేదీలు పోయే తీరుకు పెద్ద ఉదాహరణ ఈ జిల్లావాడే. ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య శతజయంతికి తపాలా బిళ్ళ 1960 సెప్టెంబరు 15న వచ్చింది. అయినా ఆయన పుట్టిన ఏడు 1861 అని రాసే పుస్తకాలూ ఉన్నాయి. గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుంచి వలస వచ్చిన సంగతిని ఇంటిపేరు భద్రంగా మోసుకొచ్చింది, పుట్టిన ఏడాది మాత్రం రెండుగా చీలింది. అంతటివాడికే అలా ఉంటే, బర్తు సర్టిఫికెట్టు లేని మన ముత్తవ్వ మాట చెప్పనక్కర్లేదు.

పాత పత్రాల్లో ఏడాదికి పేరే ఉంటుంది, అంకె ఉండకపోవచ్చు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి, రౌద్రి అంటే 1860-61 కావచ్చు, 1920-21 కావచ్చు, 1980-81 కావచ్చు. చక్రంలో గురుడినీ శనినీ చూసి తేల్చుదామంటే కుదరదు. గురుడు సుమారు 12 ఏళ్ళకు, శని సుమారు 29న్నర ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతారు కాబట్టి, 60 ఏళ్ళకు ఇద్దరూ ఇంచుమించు పాత చోటికే, మహా అయితే పక్క రాశికి చేరతారు. గుట్టు విప్పేది రాహువు. చంద్రుడి కక్ష్య సూర్యమార్గాన్ని ఖండించే బిందువు అది, 18.6 ఏళ్ళకు ఒక చుట్టు, అదీ వెనక్కి. 60 ఏళ్ళలో మూడు చుట్లు పూర్తిచేసి, దాదాపు మూడు రాశులు అదనంగా జరిగి ఉంటుంది. గురు శనులు సరిపోయి రాహువు కూడా సరిపోయిన రౌద్రే మీ ముత్తవ్వ రౌద్రి. ఉచితంగా దొరికే పంచాంగం యాప్‌లో పాత తేదీ ఇచ్చి చూసుకోవచ్చు.

చింతపండు

ఇత్తడి బిందె, రాగి చెంబు, కంచు పళ్ళెం కూడా పత్రాలే. పెళ్ళికి పెట్టిన పాత్ర అంచు మీద ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ, ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టించేవాళ్ళు. ఇంట్లో ఏ కాగితంలోనూ లేని మేనత్త పేరు బిందె అంచు మీద ఉండొచ్చు. పండగ పండగకూ ఆ బిందెను చింతపండుతో తోముతారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది నల్లని పొరను కరిగిస్తుంది. ఆ పొర కూడా రాగిలోంచి పుట్టిందే కాబట్టి, మెరిసిన ప్రతిసారీ కాస్త లోహం నీళ్ళపాలు. పీచు రాపిడి దానికి తోడు. యాభై పండగలకు చుక్కల లోతు తగ్గి, అక్షరం నున్నబడుతుంది. గింజతో కడితాన్ని నిలబెట్టిన చెట్టే పండుతో బిందె మీది పేరును తుడిపేస్తోంది. పేర్లున్న పాత్రలు నీళ్ళతో కడిగి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వాడుకకు తోముకునేవి వేరే పెట్టుకోండి. రాగి శాసనం ఇంట్లో ఉంటే దాన్ని అసలు తోమకూడదు. పచ్చగా పొడి రాలుతుంటే క్లోరైడు తెగులు పట్టిందని అర్థం, అప్పుడు పురావస్తు శాఖవాళ్ళకు చూపించాలి.

వస్తువులు పంచుకోవడం పాలుపట్టీ రోజున జరుగుతుంది, కాగితాలు సాధారణంగా పెద్దకొడుకు ఇంటికి పోతాయి. ఫోనుతో ఫొటోలు తీసి అందరికీ ఇచ్చుకోవచ్చు, అయితే వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరం రాలిపోతుంది. డాక్యుమెంటుగా పంపండి. ఫైలుకు ఏడాది, ఊరు, పేరు, మూటలోని వరస అంకె పెట్టండి. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. పాత్రలూ నగలూ వెళ్ళిన ఇళ్ళ జాబితా ఒకటి మంచి కాగితం మీద నల్ల పెన్సిలుతో రాసి మూటలోనే పెట్టండి. దానిలో ఒక వరుస ఇలా ఉంటే చాలు: ఇత్తడి బిందె, అంచు మీద మేనత్త పేరు, చిన్నకోడలు తీసుకుంది, చింతామణి, ఫొటో 47, తోమవద్దని చెప్పాము.